అక్కకు చెప్పాలనుకున్న మాట

నెల్లూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మా బావను వరండాలోకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఆమె ఏం అడిగితే అది పెట్టండి" అని చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. అక్క చనిపోతుందన్న భయం కొంతయితే, యేసయ్యను నమ్ముకోకుండానే చనిపోతుందన్న భయం దానికి మించింది. ఇది బయటివాళ్ళకు రాతిగుండె మాటలా వినిపిస్తుందని నాకు తెలుసు. ఏం చేయను? నేను నమ్మినదాని ప్రకారం మనిషి కన్ను మూశాక ఇక చెప్పడానికీ వినడానికీ ఏమీ ఉండదు. చెప్పాల్సిందేదో ముందే చెప్పాలి. నాకున్నది ఒక్క అక్క. అమ్మ పోయాక నాకు తల దువ్వింది ఆమె, మొదటిసారి చీర కట్టింది ఆమె, అత్తారింటికి పంపేటప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆమె.

మేమిద్దరం పుట్టింది సముద్రం ఒడ్డున, వేటకు పోయేవాళ్ళ ఇంట్లో. అక్కను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. నన్ను తోటపల్లి గూడూరు దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మా ఆయన రొయ్యల గుంటల మీద పనికి పోతాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పెళ్ళయిన కొన్నేళ్ళకు నాకు పెద్ద జబ్బు చేసింది. పక్కింటామె పిలిస్తే ప్రార్థనకు వెళ్ళాను, తగ్గింది, ఆ తరువాత వెళ్ళడం మానలేదు. కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను, బొట్టు తీసేశాను. మా ఆయన కొన్నాళ్ళు గొణిగి ఊరుకున్నాడు. అక్క మాత్రం నా ముఖాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "మొగుడు రాయిమాదిరి ఉండంగా ఏందే ఈ బోడి ముఖం" అని ఒక్కసారి తిట్టి, ఇక ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

మా సంఘంలో పాస్టరు గారు మెత్తని మనిషి. "సువార్త చెప్పడానికి మైకు అక్కర్లేదమ్మా. మంచినీళ్ళ పంపు దగ్గర చెప్పొచ్చు, బస్సులో చెప్పొచ్చు. రోజూ మాట్లాడుకునే మాటల్లోనే సందు దొరుకుతుంది, అది చూసుకుని చెప్పాలి" అనేవారు. నేనా మాట పట్టుకున్నాను. పట్టుకుంటే వదిలే రకం కాదు నేను.

ఎక్కడపడితే అక్కడ సందులు వెతికాను. నెల్లూరు బస్సులో పక్కసీటు ఆవిడతో ఎండల గురించి మొదలుపెట్టి మెల్లగా నరకం దాకా తీసుకెళ్దామనుకున్నాను. ఎండల దగ్గరే ఆవిడ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నా స్టాపు వచ్చినా లేపబుద్ధి కాక, ముందుకు పోయి దిగి వెనక్కి నడిచాను. ఆటో అతనికి చెప్పబోతే అద్దం పైన వరసగా అంటించిన బొమ్మలు చూపించాడు. వెంకన్న, సిలువ, దర్గా పచ్చజెండా, చివర్లో ఒక సినిమా హీరో. "అందరూ ఉండారక్కా, ఎవురికీ తక్కువ చెయ్యలా" అన్నాడు. జాకెట్ కొలతలకు వచ్చే ఆడవాళ్ళు టేపు ఒంటిమీద ఉన్నంతసేపూ కదలలేరు కాబట్టి వినేవాళ్ళు. కొన్నాళ్ళకు జాకెట్లు ఇంకో టైలరుకు ఇవ్వడం మొదలుపెట్టారు.

అక్క దగ్గరయితే నా పప్పులు అసలే ఉడకలేదు. ఒకసారి ఆమె పట్ట పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెడుతుంటే పక్కనే కూర్చున్నాను. ఇంతకంటే మంచి సందు ఏం దొరుకుతుంది?

"అక్కా, యేసయ్య ముందుగా ఎవుర్ని పిలిచినాడనుకున్నావు? చేపలోళ్ళనే. మనలాంటోళ్ళనే."

"పిలిస్తే?"

"వలలు ఆడ్నే వదిలేసి ఆయన ఎనకాల పోయినారు."

అక్క చేపలు నెరుపుతున్న చెయ్యి ఆపింది. "మొగోళ్ళు పోయినారు, సరే. ఆ పూట ఇంటికాడ పెళ్ళాలు పొయ్యి మీద ఏం పెట్టినారో అది కూడా చెప్పు, వింటాను."

నాకు తెలియదు. ఆదివారం పాస్టరు గారిని అడిగితే ఆయన నవ్వి, తరువాత చాలాసేపు ఆలోచించారు. ఆయనకూ తెలియదు.

మా మధ్య తేలని సంగతి ఇంకొకటి ఉండేది. గంగమ్మకు పెట్టింది నేను తినను. విగ్రహానికి పెట్టింది తినకూడదని మా సంఘంలో గట్టి కట్టుబాటు. కానీ ఏటా జరిగే గంగమ్మ కొలుపు రోజు పుట్టింటి ఊరికి పోకుండా ఉండలేను, అక్క ఊరుకోదు. ఆ రోజు ఊరంతా గుడి ముందు ఇసుకలో కొత్త కుండల్లో పొంగలి వండి, అమ్మవారికి తళిగ వేసి, అంటే ఆకులో నైవేద్యం పెట్టి, ఆ తరువాతే తింటారు. మొదటి ఏడు నేను కడుపునొప్పి అని అబద్ధం చెప్పి పస్తు ఉన్నాను. మరుసటి ఏడు నుంచి అక్క నన్ను ఇంటి వెనక్కి పిలిచి మూతపెట్టిన స్టీలు గిన్నె చేతిలో పెట్టేది. "ఇది తళిగ ఏసింది కాదు. తిను" అనేది. తెల్లారకముందే గ్యాసు మీద నాకోసం వేరుగా వండి ఉంటుంది అనుకునేదాన్ని. కడుపునిండా తినేదాన్ని. అక్క వంట అక్క వంటే.

అలా ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆసుపత్రి వాళ్ళు ఇంటికి పొమ్మన్నారు. కడుపులో గడ్డ. మందులకు అక్క జుట్టు రాలిపోయింది, వంద మందిలో వినిపించే గొంతు పక్క మంచానికి కూడా వినిపించకుండా పోయింది.

నేను రోజూ పొద్దున్నే వంట ముగించి, ఆటో ఎక్కి, బస్సు మారి వెళ్ళేదాన్ని. బస్సులో మాటలు కూర్చుకునేదాన్ని. ఇవాళ గంజి తాగించేటప్పుడు చెప్తాను, ఇవాళ ఒళ్ళు తుడిచేటప్పుడు చెప్తాను. తీరా వెళ్తే అక్క నిద్రలో ఉండేది, లేదా ఇరుగుపొరుగు వాళ్ళు మంచం చుట్టూ ఉండేవాళ్ళు. ఎవరూ లేనప్పుడు నొప్పి వచ్చేది. దుప్పటి పిడికిట్లో పట్టుకుని పళ్ళు బిగించే మనిషి దగ్గర సందు వెతకడానికి సిగ్గేసేది. సాయంత్రం తిరుగుబస్సులో ఆ సిగ్గుకే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ప్రాణం పోయే మనిషి దగ్గర నీకు మర్యాద ఏమిటే అని. బస్సు దిగి ఇంటిదాకా ఏడ్చుకుంటూ నడిచేదాన్ని. దారిలో ఎవరైనా అడిగితే కంట్లో దుమ్ము పడిందనేదాన్ని. ఆ రోజుల్లో మా ఊరి దుమ్మంతా నా కళ్ళలోనే పడింది.

ఒకరోజు అక్క, "ఆ సముద్రం పక్క కిటికీ ఎయ్యి మే" అంది. చలేస్తుందేమో అనుకుని వేశాను. మర్నాడు వెళ్ళేసరికి కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ హోరు వింటూ నిద్రపోయిన మనిషి. మా ఇంటికి వచ్చి పడుకుంటే, సముద్రం మోగక నిద్ర పట్టలేదని పొద్దున్నే సణిగే మనిషి. నాకేమీ అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నం బావ నన్ను బయటికి రమ్మన్నాడు. పడవ నీడలో కూర్చుని వల కుడుతున్నాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వల మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు.

"కొలుపుకి వచ్చినప్పుడల్లా మీ అక్క నీకు గిన్నెలో పెట్టి ఇచ్చేది గదా. అది యాడిదనుకున్నావమ్మా?"

"నాకని వేరేగా వండింది గదా బావా."

"కొలుపు రోజు ఇండ్లల్లో పొయ్యి యాడ ఎలిగిస్తారు? ఈ ఊళ్ళో పుట్టినదానివి, నీకు తెల్దా? ఆ కుండలోదే. అమ్మోరికి తళిగ ఎయ్యకముందే ఎవురూ చూడకుండా నీకు తీసి దాచేది."

మా ఊళ్ళో చిన్నపిల్ల కూడా ఆ కుండలో వేలు పెట్టదు. అమ్మవారి కంటే ముందు తీస్తే అది ఎంగిలి. ఎంగిలి తళిగ వేయడం కంటే పెద్ద తప్పు మావాళ్ళకు లేదు, ఎందుకంటే మావాళ్ళకు సముద్రం వేరు, గంగమ్మ వేరు కాదు. మొగవాళ్ళు రోజూ ఆమె మీదికే వేటకు పోవాలి.

"ఒకేడు నేను చూసి అరిచినాను" అన్నాడు బావ. "నా చెల్లెలు ఇంత దూరం వచ్చి ఉత్త కడుపుతో పోవాల్నా, గంగమ్మతల్లికి ఆ మాత్రం తెల్దా, అనింది మీ అక్క. నేనింకేం చెప్పేది? ఇప్పుడేమో, ఎంగిలి పెట్టినాను గాబట్టే కడుపులో ఇది పుట్టిందంటాండాది. సముద్రం మోగితే అమ్మోరు పిలస్తాండాదని ఉలిక్కిపడతాది. కిటికీలో గుడ్డలు కుక్కింది నేనే."

తరువాత ఆయన అసలు విషయం చెప్పాడు. ఊరి పెద్దలను అడిగాడట. మళ్ళీ పొంగలి పెట్టి, తళిగ వేసి, ఎవరికోసం ఆ తప్పు జరిగిందో ఆ మనిషి అక్క ఎదుటే దాన్ని తింటే అమ్మవారు శాంతిస్తుందన్నారట.

"శుక్రవారం పెడతాము. ఒక్క ముద్ద. తింటావా అమ్మా?" అని అడిగినప్పుడు బావ మొదటిసారి నా ముఖం చూశాడు. సముద్రంలో తుఫానుకు కూడా బెదరని మనిషి కళ్ళల్లో నీళ్ళు.

తింటానని అనలేదు, తిననని అనలేదు. లేచి వచ్చేశాను. బస్సులో నాకు అందరి మీదా కోపం వచ్చింది. బావ మీద, ఊరి పెద్దల మీద, నన్ను అడగకుండా నాకోసం ఇంత పని చేసిన అక్క మీద. నా దేవుడి మీద కూడా వచ్చింది. ఆమెకు నిన్ను చూపించాలని ఇన్నేళ్ళుగా ఊరూరా సందులు వెతుకుతుంటే, నువ్వు నాకు చూపించిన సందు ఇదా? నేను నిన్ను నమ్ముకోవడం వల్లనే ఆమెకు ఈ భయం పట్టుకుందని చెప్పడానికా? తింటే అక్క హాయిగా కళ్ళు మూస్తుంది, కానీ గంగమ్మ కోపం నిజమేనని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. తినకపోతే ఆమె వణుకుతూ పోతుంది. ఏ పక్క చూసినా దారి లేదు.

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

"తింటే, రేపు నువ్వు ఆమెకు చెప్పబోయే మాటకు విలువ ఉండదమ్మా" అన్నారు.

"తిన్నా తినకపోయినా, ఆ మాట వినడానికి మా అక్క ఎక్కువ రోజులు ఉండదయ్యా."

"ఉండదు" అన్నారాయన. "అది నా అక్కే అయితే నేనేం చేసేవాణ్ణో నాకు తెలీదు. నిన్ను తిను అని చెప్పలేను. తిన్నావని నిన్ను సంఘం నుంచి బయటికి పంపలేను." ఆయన పెద్ద ప్రార్థన చేస్తారనుకున్నాను. తల మీద చెయ్యి పెట్టారు, అంతే.

శుక్రవారం నాటికి తినాలనే నిశ్చయించుకున్నాను. దేవుడితో పొద్దున్నే చెప్పేశాను కూడా. ఇది పాపమైతే నా లెక్కలో రాసుకో, ఆమె లెక్కలో వద్దు అని.

గుడి దగ్గర పొంగలి పొంగిందని కేకలు వినిపించాయి. బావ స్నానం చేసిన తడిబట్టలతోనే విస్తరాకు రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చాడు. పొంగలి మీద పసుపూ కుంకుమా పడి ఉన్నాయి. అక్క తల ఎత్తి నా ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. గుమ్మంలో ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. బావ విస్తరాకు నా ముందు పెట్టి, వాళ్ళను బయటికి పంపి, తను కూడా గుమ్మం దాటి నిలబడ్డాడు.

ముద్ద తీసుకున్నాను. వేడిగా ఉంది. నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. గ్లాసు ఎత్తే ఓపిక లేని చెయ్యి అది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బలం.

"పెట్టెయ్యి" అంది.

"తింటానక్కా. నాకేం కాదు."

"అబద్ధాలొద్దు. నీ ముఖం నాకు తెల్దా? తింటే నువ్వు ఈ జన్మలో నిద్దరపోవు."

"నీకు భయం పోతాది గదా అక్కా."

"పోతాది. పోయి నీకు పట్టుకుంటాది." ఆయాసంతో ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "ఇద్దర్లో ఎవురికో ఒకరికి తప్పదు గదా మే. నాకుండనీ. నేను ఎట్టాగూ పోయేదాన్నే."

ముద్ద విస్తరాకులో పడిపోయింది. బస్సుల్లో నేను కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. సరిగ్గా ఈ సంగతే కదా ఆమెకు చెప్పాలని ఇన్నేళ్ళు తిరిగాను! నీ తప్పు ఒకాయన తన మీద వేసుకున్నాడు, నీ భయం ఆయన మోశాడు అని. ఇప్పుడు ఆ పని చేస్తున్న మనిషికి నేనేమని చెప్పను?

"నాకు భయంగా ఉండాదక్కా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నీకేందే భయం?"

"నువ్వు పోయినాక మళ్ళీ నాకు కనపడవేమోనని. నేను పోయే తావు వేరే, నువ్వు పోయే తావు వేరే అవుతాదేమోనని. నువ్వు ఆయన్ని నమ్ముకోలేదు గదా, అందుకని." ఇన్నేళ్ళలో ఆమెకు నేను చెప్పిన సువార్త అంతే. బెదిరింపులా ఉంది, బతిమాలినట్టూ ఉంది.

అక్క నా ముఖం వైపే చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను, చేయలేదు.

"కూడబుట్టినోళ్ళను విడదీసి కూర్చోబెడతాడా? మీ దేవుడు అట్టాంటోడా మే?" అని అడిగింది.

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఇన్నేళ్ళలో ఆయన గురించి తనంతట తాను నన్ను అడిగిన మాట అదొక్కటే. అవునని చెప్పడానికి నోరు రాలేదు. కాదని చెప్పడానికి ధైర్యం రాలేదు. నేను ఏడుస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆమె పెదాలు తడపమంది. తడి గుడ్డతో తడిపాను. కళ్ళు మూసుకుంది.

విస్తరాకు తీసుకుని బయటికి వెళ్ళి బావకు ఇచ్చాను. ఆయన దాని వైపు చూసి, నా వైపు చూసి, రెండు చేతులా అందుకున్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం పొద్దున నేను ఆరాధనలో ఉండగా ఫోన్ వచ్చింది. పాట మధ్యలో లేచి వచ్చేశాను. నేను వెళ్ళేసరికి అక్కను బయట ఇసుకలో పడుకోబెట్టారు. నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు పెట్టారు. చివర్లో ఏమైనా అందా అని బావను అడిగాను. సముద్రం మోగుతున్నంతసేపూ తన చెయ్యి గట్టిగా పట్టుకుందని చెప్పాడు. ఇంకేమీ అనలేదట. ఆమె భయంతోనే పోయిందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కర్మాంతరాలు అయ్యాక పాస్టరు గారు ఇంటికి వచ్చారు. కాఫీ తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకుని, "అక్క ప్రభువును ఒప్పుకుందా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"నన్నొక ప్రశ్న అడిగిందయ్యా" అన్నాను. ఏం ప్రశ్న అని అడిగారు. చెప్పాను. ఆయన తాగని కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

ఇప్పుడు బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా నేను ఎండల గురించి మాట్లాడను. ప్రార్థన మాత్రం మానలేదు. మానితే ఆయనను అడగడానికి ఇంకో చోటు లేదు. రోజూ మోకాళ్ళ మీద పడి ఒకటే అడుగుతున్నాను. ఆమెను లోపలికి రానియ్యి స్వామీ. నా కడుపు మాడకూడదని తన ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషి. నువ్వు రానివ్వకపోతే, నాకు నీ దగ్గర చోటు వద్దు, ఆమె ఎక్కడ ఉంటే నన్నూ అక్కడికే పంపించు.

ఇలా అడుగుతున్నానని పాస్టరు గారికి ఇంకా చెప్పలేదు.